ఇది నిజంగా నువ్వే రాశావా?

మా అమ్మాయి ఈ ఏడు ఎం.ఎ. ఇంగ్లీషు. దానికి పరీక్షలొస్తే ఇంట్లో అందరికీ పరీక్షలే! పొద్దున్నే నేను దోసెలు పోస్తూంటే అది పక్కన నుంచుని పాఠం అప్పజెబుతుంది. పుస్తకం నా ముందు పెట్టి, "తప్పు పోతే ఆపమ్మా" అంటుంది. డిగ్రీతో చదువు ఆపేసిన నాకు అదో సరదా.

ఆ రోజు ప్రశ్న, వలసల కాలం నుంచి నేటి వరకు అమెరికన్ సాహిత్యం ఎలా ఎదిగిందని. అది గడగడా మొదలెట్టింది. ఫ్రాంక్లిన్, ఎమర్సన్, హాథార్న్, మెల్విల్, విట్మన్, మార్క్ ట్వేన్, హెమింగ్వే, ఫాక్‌నర్...

"ఆడవాళ్లెవరూ లేరుటే?" అన్నా దోసె తిరగేస్తూ.

"ఉన్నారమ్మా. ఆఖర్న ఒక పేరా ఉంది. ఇంకా చదవలేదు."

మధ్యాహ్నం పని తెమిలాక ఆ పేరా పట్టుకు కూర్చున్నాను. పేరా అయిపోయింది గానీ నా కుతూహలం తీరలేదు. అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు ఒక్కొక్కటే తిరగేశాను. దాని పరీక్షలైపోయినా నా చదువు అవలేదు!

నిద్ర మానుకుని రాసిన కవితలు

అమెరికాలోని ఇంగ్లీషు వలసల నుంచి అచ్చుకెక్కిన మొదటి కవి ఎవరో తెలుసా? ఎనిమిది మంది పిల్లల తల్లి! పేరు ఆన్ బ్రాడ్‌స్ట్రీట్. 1630లో భర్తతో, తల్లిదండ్రులతో ఓడెక్కి ఇంగ్లండు నుంచి మసాచుసెట్స్‌కి వచ్చింది. కొత్త చోటు, చలి, జబ్బులు, వరసగా కాన్పులు. వాటి మధ్యే రాసుకుంది. ఆమె చెల్లెలి భర్త ఆ కాగితాలు లండన్ పట్టుకెళ్లి, ఆమెకి చెప్పకుండానే 1650లో పుస్తకం వేయించాడు.

దానికి ఆయన రాసిన ముందుమాట నన్ను ఆపేసింది. ఈమె ఇంటిపని నిర్లక్ష్యం చేసి రాయలేదనీ, నిద్రలోంచీ విశ్రాంతిలోంచీ మిగుల్చుకున్న గంటల్లో రాసిందనీ పాఠకులకి హామీ ఇచ్చాడాయన. అంటే, కవిత బాగుందా లేదా అన్నదాని కన్నా ముందు వంట అయిందా లేదా అన్నది తేలాలన్న మాట! ఈ మాట మనలో ఎంతమందికి కొత్త చెప్పండి?

18 మంది సంతకాలు

ఆ తర్వాత ఫిలిస్ వీట్లీ. 1761లో ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి బోస్టన్‌లో బానిసగా అమ్మేసినప్పుడు ఆ పిల్లకి ఏడెనిమిదేళ్లు. 'ఫిలిస్' అన్నది తనని తెచ్చిన ఓడ పేరు. 'వీట్లీ' కొనుక్కున్న యజమాని ఇంటిపేరు. కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో ఎవరూ రాసి ఉంచలేదు. ఆ ఇంట్లోనే చదువు నేర్చి, పదమూడు పద్నాలుగేళ్లకే కవితలు అచ్చులో చూసుకుంది.

పుస్తకం వేయబోతే వచ్చింది చిక్కు. నల్ల బానిస పిల్ల ఇంత రాయగలదా అని అనుమానం. చివరికి ఈ కవితలు ఈమే రాసిందని మేము నమ్ముతున్నామంటూ బోస్టన్‌లోని 18 మంది పెద్దమనుషులు సంతకాలు చేశారు. అందులో గవర్నరు కూడా ఉన్నాడు. అయినా పుస్తకం బోస్టన్‌లో అచ్చుకాలేదు. 1773లో లండన్‌లో వచ్చింది, ఆ సంతకాల పత్రంతో సహా.

అది చదువుతూంటే నాకు ఇంటర్మీడియట్ రోజులు గుర్తొచ్చాయి. కాలేజీ మ్యాగజైనుకి ఒక కథ రాసిచ్చాను. మర్నాడు మా లెక్చరరు స్టాఫ్ రూముకి పిలిచి, అందరి ముందూ "ఇది నిజంగా నువ్వే రాశావా? మీ అన్నయ్య రాసిచ్చాడా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఏడుస్తూ వచ్చేశాను. ఆ కథ అచ్చుకాలేదు. ఆ తర్వాత నేను రాసినవన్నీ పాల లెక్కలూ, చాకలి పద్దులూనే.

ఫిలిస్‌కి తర్వాత బానిసత్వం నుంచి విడుదల దొరికింది గానీ తిండికి కష్టమైంది. రెండో పుస్తకానికి కవితలు సిద్ధం చేసుకున్నా వేసేవాళ్లు దొరకలేదు. 1784లో, ముప్ఫై ఏళ్లు దాటీ దాటకముందే పోయింది. ఆ రాతప్రతి ఏమైందో ఈనాటికీ తెలీదు.

కేకు చీటీ వెనక కవిత

పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఆడవాళ్ల పుస్తకాలు తెగ అమ్ముడుపోసాగాయి. ఏడుగురు పిల్లల్ని కన్న హారియట్ బీచర్ స్టోవ్ 1852లో 'అంకుల్ టామ్స్ క్యాబిన్' వేస్తే ఏడాదిలో అమెరికాలోనే 3 లక్షల కాపీలు పోయాయి. 1849లో ఆమె చంటిబిడ్డ కలరాతో చనిపోయాడు. బిడ్డని లాగేసి అమ్మేస్తే బానిస తల్లికి ఎలా ఉంటుందో అప్పుడే తనకి తెలిసిందని చెప్పుకుందావిడ. ఈ రచయిత్రుల ధాటికి చిరాకెత్తి, అంత గొప్ప హాథార్న్ కూడా 1855లో తన ప్రచురణకర్తకి రాసిన ఉత్తరంలో, ఈ గిలికే ఆడవాళ్ల మందతో మాకు బేరం లేకుండా పోయిందని తిట్టుకున్నాడు!

లూయిసా మే ఆల్కాట్‌దీ ఇంటి అప్పుల గొడవే. ప్రచురణకర్త ఆడపిల్లల కోసం నవల రాయమంటే ఇష్టం లేకుండానే కూర్చుంది. అదే 1868 నాటి 'లిటిల్ విమెన్'. అందులో జో పెళ్లి చేసుకోకుండా రచయిత్రిగా మిగలాలని ఆమె కోరిక. పాఠకులు ఒప్పుకోలేదు. రెండో భాగంలో పెళ్లి చేయక తప్పలేదు. తను మాత్రం చేసుకోలేదు.

నాకు బాగా దగ్గరైంది ఎమిలీ డికిన్సన్. ఆమర్స్ట్ ఊళ్లో ఇంటి పట్టునే ఉండి, ఇంటికి రొట్టెలు చేసేది. 1856లో ఆ ఊరి పశువుల సంతలో ఆమె రొట్టెకి రెండో బహుమతి వచ్చింది. కవితలకి మాత్రం బతికుండగా ఏ బహుమతీ లేదు. కవర్ల వెనకా, చిత్తుకాగితాల మీదా రాసుకునేది. కొబ్బరి కేకు చేసే విధానం రాసుకున్న చీటీ వెనక కూడా ఒక కవిత ఉంది! 1886లో ఆమె పోయాక చెల్లెలు లవీనియా పెట్టె తెరిస్తే చేత్తో కుట్టుకున్న చిన్న చిన్న పుస్తకాలు బయటపడ్డాయి. మొత్తం దాదాపు 1800 కవితలు. బతికుండగా అచ్చయినవి పదీ పన్నెండు. అచ్చువేసినవాళ్లు ఆమె గీతల్నీ మాటల్నీ సరిదిద్దారు. ఆమె రాసినట్టుగా అన్నీ ఒకచోట చదవడానికి 1955 దాకా ఆగాల్సొచ్చింది.

షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్‌ది ఇంకో కథ. కాన్పు తర్వాత మనసు కుంగిపోతే పేరున్న డాక్టరు ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? ఇంటిపట్టున ఉండు, బిడ్డని చూసుకో, కలం ముట్టుకోకు! ఆ వైద్యంతో పిచ్చెక్కే దాకా వచ్చిందట. దాన్ని మానేసి ఆమె రాసిన కథే 1892లో వచ్చిన 'ద ఎల్లో వాల్‌పేపర్'.

సమాధి మీద పేరు

ఇరవయ్యో శతాబ్దంలో బహుమతులు రావడం మొదలైంది. ఈడిత్ వార్టన్‌కి 1921లో నవలకి పులిట్జర్, పెర్ల్ బక్‌కి 1938లో నోబెల్. నల్ల రచయిత్రులకి మాత్రం దారి ఇంకా దూరమే. 1937లో గొప్ప నవల రాసిన జోరా నీల్ హర్‌స్టన్ ఇళ్లలో పనిమనిషిగా కూడా చేసింది. 1960లో పోతే చందాలు వేసుకుని ఖననం చేశారు. సమాధికి రాయి కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ అనే యువ రచయిత్రి ముళ్లకంపల్లో వెతికి, సొంత ఖర్చుతో అక్కడ పేరు చెక్కిన రాయి పెట్టించింది. పదేళ్ల తర్వాత ఆ వాకర్‌కే 'ద కలర్ పర్పుల్' నవలకి పులిట్జర్ వచ్చింది.

టోనీ మారిసన్ అయితే విడాకుల తర్వాత ఇద్దరు మగపిల్లల్ని పెంచుకుంటూ, ప్రచురణ సంస్థలో ఉద్యోగం చేస్తూ, తెల్లవారుజామున లేచి రాసేది. 1970లో మొదటి నవల వచ్చేసరికి ఆమెకి 39 ఏళ్లు. నీలికళ్లు కావాలని కలవరించే నల్లపిల్ల కథ అది. తెల్లబడే క్రీములు కొనే మన ఇళ్లలో ఆ పిల్ల బాధ ఎవరికి అర్థం కాదు? 1987లో 'బిలవ్డ్' వచ్చాక, ఈమెకింకా పెద్ద బహుమతులు ఇవ్వకపోవడం అన్యాయమని 48 మంది నల్ల రచయితలూ విమర్శకులూ పత్రికలో సంతకాలు చేశారు. అప్పుడు ఫిలిస్ కోసం 18 సంతకాలు, ఇప్పుడు ఈమె కోసం 48. అయితే ఇవి ఆమే రాసిందా అని తేల్చడానికి కాదు! 1988లో పులిట్జర్, 1993లో నోబెల్ వచ్చాయి.

2000లో మన బెంగాలీ తల్లిదండ్రుల బిడ్డ ఝుంపా లాహిరికి పులిట్జర్, 2020లో లూయీజ్ గ్లిక్‌కి నోబెల్ వచ్చాయంటే, ఆ పేరా ఇంకా పెరుగుతూనే ఉందన్నమాట.

మన దగ్గర మాత్రం? 1902లోనే 'ధనత్రయోదశి' కథ రాసిన బండారు అచ్చమాంబ ఉండగా, తెలుగులో తొలి కథ 1910 నాటి 'దిద్దుబాటు' అని ఎన్నేళ్లు చదువుకోలేదు మనం?

ఇదంతా చదివాక కిరాణా కొట్లో రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి కొన్నాను. ఇంటర్మీడియట్ నాటి ఆ కథ గుర్తున్నంత మేరకు మళ్లీ రాశాను. వారం పట్టింది, అన్నం వార్చడానికీ కూర తాలింపుకీ మధ్య.

మా అమ్మాయి దాన్ని ఒక్క బిగిన చదివి తలెత్తింది. "ఇది నిజంగా నువ్వే రాశావా అమ్మా?" అంది.

అదే ప్రశ్న. గొంతు మాత్రం వేరు.

"నేనే రాశానే" అన్నా. ఈసారి ఏడుపు రాలేదు.