మడ్డిలోంచి మద్యం

చెరకులోని తీపంతా పంచదార కాదు. రసాన్ని కాచి, స్ఫటికాలు విడదీసి, మిగిలినదాన్ని మళ్లీ కాచి, ఇక గింజ కట్టదని తేలాక నల్లని జిగట ద్రవం ఒకటి మిగులుతుంది. అదే మడ్డి, ఫ్యాక్టరీ లెక్కల్లో మొలాసిస్. టన్ను చెరకుకు సుమారు 40 కిలోలు వస్తుంది. బరువులో సగానికి దగ్గరగా ఇంకా చక్కెరలే ఉంటాయి. మనిషి తీయలేని ఆ తీపిని ఈస్టు తినేస్తుంది. రమ్ము పుట్టింది ఈ మిగులులోంచే.

17వ శతాబ్దంలో కరీబియన్ దీవుల చెరకు తోటల్లో, బానిసల చెమట మీద, రమ్ము వ్యాపారంగా ఎదిగింది. బెల్లంతో మద్యం చేయడం మన దేశానికీ పాతదే; మనుస్మృతి దాన్ని గౌడి అని పేర్కొంది. అయితే కుండతో సారా కాచినన్నాళ్లూ చిక్కొకటే: ఒక వాయి దించాలి, కుండ కడగాలి, మళ్లీ నింపాలి. దాన్ని తప్పించినవాడు ఐర్లండ్‌లో ఎక్సైజు అధికారిగా పనిచేసిన ఈనియస్ కాఫీ. అంతకుముందు రాబర్ట్ స్టైన్ చేసిన ప్రయత్నాన్ని మెరుగుపరిచి, 1830లో నిలువు స్తంభాల బట్టీకి పేటెంటు తీసుకున్నాడు.

దాని పని చూడముచ్చటగా ఉంటుంది. మడ్డిని నీళ్లతో పలచన చేసి ఈస్టు కలిపితే ఒకటి రెండు రోజుల్లో ఏడెనిమిది శాతం ఆల్కహాల్ ఉన్న పులిసిన ద్రవం తయారవుతుంది. దాన్ని స్తంభం పైనుంచి వదులుతారు, కిందినుంచి ఆవిరి పంపుతారు. లోపల అంతస్తులుగా చిల్లుల పళ్లేలు. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గనక ప్రతి పళ్లెం దగ్గరా అది ఆవిరితో పైకి, నీరు కిందికి. పళ్లేలు దాటేకొద్దీ చిక్కబడి, చివరికి 95 శాతం దాకా చేరుతుంది. రాత్రీ పగలూ ఆగదు. ఆవిరికి కావలసిన మంట చెరకు పిప్పి నుంచే వస్తుంది. అందుకే చక్కెర మిల్లు పక్కనే డిస్టిలరీ పెట్టడం తెలివైన పని.

నిజామాబాద్ జిల్లా బోధన్‌కు చక్కెర మిల్లు కాలం నిజాంసాగర్‌తో వచ్చింది. 1931లో మంజీర మీద జలాశయం పూర్తయ్యాక చెరకు విస్తరించింది. 1937లో నిజాం చక్కెర కర్మాగారానికి పునాది పడింది. ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. దాని చుట్టూ పెరిగిన కాలనీయే శక్కర్‌నగర్. నిజాం కాలంలోనే ఇక్కడి మడ్డి నుంచి పెట్రోలులో కలిపే పవర్ ఆల్కహాల్ తీశారు. నేటి ఇథనాల్ చర్చ మనకు కొత్తేమీ కాదన్నమాట.

అదే స్పిరిట్ రమ్ము కావాలంటే ఓపిక పట్టాలి. ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచితే చెక్కలోని రంగూ వాసనా పడుతుంది. నేటి మోహన్ మీకిన్ కంపెనీ 1954లో తెచ్చిన ఓల్డ్ మంక్ రమ్ముకు ఏడేళ్ల పీపా వాసమే పేరు తెచ్చింది. మన ఎండల్లో పీపాలోంచి ఆవిరైపోయేది చల్లటి దేశాలకంటే చాలా ఎక్కువ. చాలా చౌక రమ్ముల్లో ఈ వాసానికి బదులు మాడ్చిన చక్కెర రంగే కనబడుతుంది. చివరికి నీళ్లు కలిపి 42.8 శాతానికి దించి సీసాలో నింపుతారు.

తెలుగు పల్లెల్లో మడ్డి స్పిరిట్‌కు దక్కింది పీపా కాదు. 1980లలో వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను పాకెట్లలో ఊరూరికీ చేర్చింది. యంత్రం చౌకగా ఇచ్చింది, ప్రభుత్వం ఇంకా చౌకగా పంచింది, కూలి డబ్బులు అక్కడే కరిగాయి. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు తిరగబడింది ఆ సారా మీదే. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండోది ఎత్తేశారు. ఆ ఆడవాళ్లది న్యాయమైన కోపమని నేను గట్టిగా నమ్ముతాను.

బోధన్ కర్మాగారంలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో గేట్లు మూతపడ్డాయి. తెరిపించాలన్న మాట మళ్లీ వినబడుతోంది. తెరిస్తే మడ్డి లెక్క ముందే వేయాలి. లీటరు ఆల్కహాల్‌కు పది లీటర్లకు పైగా మిగిలే ముదురు గోధుమరంగు వ్యర్థజలాన్ని ఎక్కడా వదలకుండా శుద్ధి చేసే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు కాలుష్య భయంతో 2024లో ఇథనాల్ ఫ్యాక్టరీని అడ్డుకున్న సంగతి పాలకులు మరవకూడదు. బోధన్ రైతులారా, చెరకు ధరతోపాటు ఆ నీళ్ల సంగతి కూడా అడగండి.