తీగ లేని ట్రాముబండి

ఇంట్లో దీపం వెలగటానికి రెండు తీగలు కావాలి గదా, ట్రాముబండికి నెత్తిన ఒక్క తీగ ఎట్లా చాలుతుంది అని విద్యార్థులు అడగటం కద్దు. రెండవ తీగ పట్టాలే. పైతీగనుండి దిగిన విద్యుత్తు మోటారులను తిప్పి, ఉక్కు చక్రాలగుండా పట్టాలలోకి పోయి, వాటి వెంట సబ్‌స్టేషనుకు తిరిగి చేరుతుంది. పట్టాల పొటెన్షియలు భూమి పొటెన్షియలుకు ఇంచుమించు సమానం. కనుక వాటిని తొక్కినవారికి భయం లేదు. భయమంతా పైతీగలోనే. అందుచేతనే దానిని మనిషికి అందనంత ఎత్తున వేలాడదీస్తారు.

ఆ తీగను వద్దన్న నగరం ఒకటి ఉన్నది. అది ఫ్రాన్సుదేశంలో, గారోన్ నది ఒడ్డున ఉన్న బోర్డో. 18వ శతాబ్దపు రాతి భవనాలకు అది పేరు పొందింది. పాత ట్రాములను 1958లో ఎత్తివేసిన ఆ నగరం, కార్ల రద్దీతో విసిగి మళ్ళీ ట్రాములనే కోరుకున్నది. అయితే పురాతన భవనాల ముందు స్తంభాలు, తీగలు కనిపించరాదని పట్టుపట్టింది. 2003 డిసెంబరులో కొత్త ట్రాము నడిచింది. నగరం నడిబొడ్డున దానికి పైతీగ లేదు. రెండు పట్టాల నడుమ, వీధితో సమమట్టంగా, మూడవ పట్టా ఒకటి ఉంటుంది. బండికి 750 వోల్టుల ఏకముఖ విద్యుత్తును అదే అందిస్తుంది. బడిపిల్లలు, ముసలివారు రోజూ ఆ పట్టాను తొక్కుకుంటూనే వీధి దాటుతారు. వారికి హాని ఎందుకు కలగదు?

నేలలోనుండి విద్యుత్తు నందించటం కొత్త ఊహ కాదు. ఆనాడు ఆంధ్ర జిల్లాలకు కూడ రాజధాని అయిన మద్రాసులో 1895లో నడిచిన ట్రాము, భారతదేశంలో మొదటి విద్యుత్ ట్రాము. మొదట దాని విద్యుత్ వాహకాన్ని వీధి కింద సన్నని కాలువలో దాచారు. వానాకాలపు నీటికి ఆ కాలువ ఓర్వలేకపోయింది. తరువాత పైతీగలే కట్టవలసివచ్చింది. 1953లో ఆ ట్రాములు ఆగిపోయే వరకు అవే ఉన్నవి. యూరపులో కొన్ని నగరాలు మరో ఉపాయం పన్నినవి. వీధి పొడుగునా లోహపు గుబ్బలు పాతి, బండి పైకి వచ్చినప్పుడు మాత్రమే వాటికి విద్యుత్తు అందేట్లు అయస్కాంతపు మీటలు పెట్టారు. మీట ఒక్కొక్కప్పుడు ఇరుక్కునేది. బండి వెళ్ళినా గుబ్బలో విద్యుత్తు నిలిచేది. ఇనుప లాడాల గుర్రం దానిపై కాలు పెడితే దాని గతి ఊహించుకోవచ్చు. ఊహలో తప్పు లేదు, ఆ మీటలను నమ్మటానికి లేకపోయింది. అంతే.

బోర్డో ఇంజనీర్లు చేసినది ఆ ఊహకే నమ్మదగిన రూపం ఇవ్వటం. మూడవ పట్టా ఏకఖండం కాదు. 8 మీటర్ల లోహపు ముక్క, తరువాత 3 మీటర్ల విద్యున్నిరోధకం, మళ్ళీ 8 మీటర్ల లోహం: ఇట్లా సాగుతుంది. అనగా 11 మీటర్లకు ఒక ముక్క. అక్కడి బండ్లు దాదాపు 33 మీటర్లవి, 44 మీటర్లవి. కాబట్టి ఎంత చిన్న బండి అయినా మూడు ముక్కల పొడుగును కప్పివేస్తుంది. బండి తన రాకను సంకేతరూపంలో రేడియో ద్వారా తెలుపుతుంది. ఆ సంకేతం అందిన ముక్కకే, అదీ పూర్తిగా బండి కింద ఉన్నప్పుడే, విద్యుత్తు వస్తుంది. బండి ముందుకు సాగగానే ఆ ముక్క సరఫరానుండి విడిపోయి, తిరుగు పట్టాలతో కలపబడుతుంది. అనగా అది మామూలు పట్టావలె నిరపాయమవుతుంది. మనిషి కాలు పెట్టగల చోట విద్యుత్తు లేదు, విద్యుత్తు ఉన్న చోట కాలు పెట్టటానికి వీలు లేదు.

గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. ఒక్కొక్క ముక్కకు దక్కే వ్యవధి సెకను చిల్లర మాత్రమే. బండి 300 కిలోవాట్ల శక్తిని తీసుకుంటున్నదనుకుంటే, 750 వోల్టుల వద్ద ప్రవాహం 400 ఆంపియర్లు. అంతటి ప్రవాహాన్ని క్షణక్షణం చేతులు మార్చే స్విచ్చులు 22 మీటర్లకొక పెట్టెలో వీధి కిందనే ఉన్నవి. బండి అడుగున ప్రవాహాన్ని అందుకొనే పాదుకలు రెండు ఉంటవి. ఒకటి నిరోధకంపై ఉన్నప్పుడు రెండవది లోహంపై ఉంటుంది. ఏదైనా ముక్క పనిచేయకపోతే బండిలోని బ్యాటరీ దానిని దాటిస్తుంది.

తొలి సంవత్సరాలలో ఈ ఏర్పాటు బోర్డో ప్రజలను బాగానే విసిగించింది. బండ్లు తరచు ఆగిపోయేవి. మద్రాసును బాధించిన వాననీరే ఇక్కడా అడ్డుతగిలింది. అయితే ఒక భేదం గమనించదగినది. పాత గుబ్బ చెడితే గుర్రం చచ్చేది, ఇక్కడ చెడితే బండి ఆగేది. క్రమంగా లోపాలు సవరించారు.

ప్రయాణికునికి ఇదంతా కనిపించదు. వేదిక, బండి నేల ఒకే ఎత్తులో ఉండటంచేత చక్రాల కుర్చీ కూడ సులువుగా లోపలికి వెళ్ళుతుంది. ఎక్కిన ప్రతిసారీ టిక్కెట్టును యంత్రానికి చూపాలి. శివార్లలో మామూలు పైతీగే ఉన్నది. నడిబొడ్డుకు చేరే ముందు ఒక స్టాపులో నెత్తిమీది చట్రం ముడుచుకుంటుంది, అడుగున పాదుకలు దిగుతవి. కిటికీలోనుండి బయటకు చూస్తే, స్తంభాలు మాయమైనవని మాత్రం తెలుస్తుంది. వీధి దాటేవారు భయపడవలసినది విద్యుత్తుకు కాదు, బండి బరువుకు. ఉక్కుపై ఉక్కుకు పట్టు తక్కువ. సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే బండి, సెకను సెకనుకు 1.2 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకుంటే ఆగటానికి 40 మీటర్లకు పైగా పడుతుంది. అత్యవసరంలో పట్టాలను పట్టే విద్యుదయస్కాంతపు బ్రేకులు ఈ దూరాన్ని బాగా తగ్గిస్తవి, కాని పూర్తిగా పోగొట్టలేవు.

ఈ పద్ధతిని ఫ్రాన్సులోనే రాన్స్, ఆంజే నగరాలు 2011లో తీసుకున్నవి. 2014 నవంబరులో దుబాయిలో నడిచిన ట్రాముకు మార్గమంతటా పైతీగ లేదు. అక్కడ పనిచేసే తెలుగువారిలో ఆ బండి ఎక్కినవారు చాలమందే ఉంటారు.