విమానము ఎగురకముందు వేయు లెక్క

ఆదిలాబాదులోని నిజాం కాలపు విమాన మైదానమున పౌర విమానములు దిగుటకు 2025లో వైమానిక దళము సమ్మతించిన నాటి నుండి ఈ ప్రాంతమున విమానముల ప్రసక్తి తరచుగా వచ్చుచున్నది. బస్సుకు డీజిలు పట్టించినట్లు విమానమునకు గూడ ట్యాంకులు నిండుగా నింపి పంపిన భయమే లేదు గదా యని అనిపించుట సహజము. కాని అట్లు పంపరు. ఇంధనమును మోయుటకే ఇంధనము వ్యయమగును. అక్కరకు మించి ఒక టన్ను మోసినచో, గంటకు సుమారు 30 కిలోలు ఆ మోతకే సరిపోవును. అదియునుగాక, మన మే మాసపు ఎండలలో గాలి పలుచబడి రెక్కలకు పట్టు తగ్గును. ఇంజనుల బలమును తగ్గును. రన్‌వే చిన్నదైనచో అప్పుడు ప్రయాణికులనో, ఇంధనమునో తగ్గింపక తప్పదు.

శంషాబాదు నుండి ఢిల్లీకి పోవు విమానమునే తీసికొందము. దాని దారి ఇంచుమించు మన నెత్తిమీదుగనే పోవును. గంటకు 2,400 కిలోలు కాల్చు విమానమునకు రెండు గంటల ప్రయాణమైనచో 4,800 కిలోలు కావలెను. ఎదురుగాలి వంటి అనుకోని వానికి నూటికి ఐదు వంతున 240. జనవరి మంచులో ఢిల్లీ కానరాకున్నచో జైపూరు వంటి మరియొక చోటికి మరలుటకు, 1,500 అనుకొందము. నేలమీద నడచుటకు 200. వీని కన్నిటికి అడుగున, అరగంట సేపు గాలిలో తిరుగుటకు చాలునట్టి 1,100 కిలోల నిలువ యుండవలెను. ఈ నిలువ మన ఇండ్లలో విత్తనపు గింజల వంటిది, దానిని ముట్టరాదు. దిగునాటికి అది తరిగిపోవునని తోచినచో పైలటు 'మేడే' అని ఆపద ప్రకటింపవలసినదే.

మొత్తము 7,840 కిలోలు. కూడిక సులభమే; చిక్కు వేరొకచోట నున్నది. ఎంత ఇంధనము కాలునో విమానపు బరువును బట్టి యుండును. ఆ బరువులో ఇంధనమును చేరియున్నది! అందుచే సాఫ్ట్‌వేరు గమ్యము చెంత మిగులవలసిన బరువుతో మొదలిడి, వెనుకకు వచ్చుచు, అంకెలు కుదురుకొనువరకు మరల మరల లెక్కించును. లండను, వాషింగ్టను కేంద్రములు పంపు గాలుల అంచనాలను ఎత్తు ఎత్తునకు కలుపుకొనును. ఒక్కొక్క విమానపు పాత వాడుకను గూడ చూచును, ముదిరిన ఇంజను కొంచెము ఎక్కువ త్రాగును గనుక. డెక్కన్ ఎయిర్‌వేస్ వారి డకోటాలు బేగంపేట నుండి ఎగిరిన దినములలో పట్టికలు, పెన్సిలు ముందుంచుకొని చేసిన ఈ పనిని కంప్యూటరు క్షణములలో పలు మార్గములకు చేసి చూపుచున్నది.

అయినను అది తనకిచ్చిన అంకెను నమ్మును. 1983 జులై 23న కెనడాలో ఒక బోయింగు 767 విమానమున ఇంధనపు మీటరులు పనిచేయలేదు. కావలసినది 22,300 కిలోలు. ట్యాంకులలో నున్న లీటరులను కొలబద్దతో కొలిచి, కిలోలుగా మార్చుటకు 0.8తో గుణింపవలసి యుండగా 1.77తో గుణించిరి. 1.77 లీటరు బరువును పౌనులలో చెప్పు అంకె. దానివలన 20,088 లీటరులు పోయవలసిన చోట 4,917 మాత్రమే పోసిరి. విమానములోని కంప్యూటరు ఇంధనము చాలునని చూపుచునే యుండెను. దారిమధ్యన రెండు ఇంజనులును ఆగిపోయినవి. విమానమును గాలిలో జార్చుకొనుచు గిమ్లీ యను చోట పాత సైనిక మైదానమున దింపిరి. ఉన్న 69 మందియు బ్రదికిరి.

సరియైన గుణకమైనను స్థిరమైనది కాదు. 15 డిగ్రీలలో 8,000 కిలోలు తూగు పదివేల లీటరులు, 45 డిగ్రీల ఎండలో సుమారు 7,780 కిలోలే తూగును. ఆ వ్యత్యాసము పై విమానమునకు ఐదు నిమిషముల పైచిలుకు ప్రయాణము. ఒకే మైదానమున చలికాలపు వేకువ, వేసవి మధ్యాహ్నము రెండును చూడవలసిన ఆదిలాబాదు వంటి చోట ఇది చిన్న సంగతి కాదు. ట్యాంకరు లీటరులలో పోయును, విమానము కిలోలలో ఎగురును. కనుక ఇంధనము పోసినవారు ఆనాటి సాంద్రతను చీటీపై వ్రాయుదురు. పైలటు ముందున్న నిలువకు పోసినదానిని కలిపి, మీటరు చూపుదానితో సరిచూచును. ఆ రెండును పొసగనిచో, కారణము తెలియువరకు విమానము కదలదు.