త్రవ్వకుండానే క్రొత్త గొట్టం

నీరు ప్రాణాధారమని చిన్న తరగతుల నుండి చదువుకుంటూనే ఉన్నాము. కాని ఆ నీరు మన కుళాయి దాకా ఏ దారిన వస్తున్నదో, వాడిన నీరు ఏ దారిన పోతున్నదో ఆలోచించేవారు తక్కువ. ఆ రెండు దారులూ భూమిలోనే ఉన్నవి. కంటికి కనిపించనిదానిని మరచిపోవడం మానవ స్వభావం. ఆ మరపునకు మూల్యం ఎంతటిదో గుంటూరు పట్టణం 2018 మార్చి మాసంలో చవిచూసింది. ఆనందపేట మొదలైన పాత పేటలలో మురుగు కలిసిన తాగునీటి వల్ల అతిసారం ప్రబలింది. పలువురు మరణించారు, ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు.

నేను తెలుగు బోధించేవాడినే గాని ఇంజనీరింగు చదివినవాడిని కాను. అయినా నీటికి, మురుగుకు మధ్య ఉన్న ఆ పలుచని గోడ ఎందుకు పగులుతుంది, పగిలినదానిని బాగుచేసే ఉపాయమేమిటి అనే జిజ్ఞాసతో తెలుసుకొన్న విషయాలను విద్యార్థుల ముందు ఉంచుతున్నాను.

మన గుంటూరు, ప్రకాశం సీమలలో పత్తిని, మిరపను పండించే నల్లరేగడి నేల రైతుకు కన్నతల్లి వంటిది. కాని భూగర్భంలోని గొట్టాలకు అదే సవతితల్లి. వానకు తడిసి ఉబ్బుతుంది. ఎండకు ఎండి నెర్రెలు విచ్చుతుంది. ఏటేటా ఈ కదలికకు గొట్టాల అతుకులు సడలుతాయి, గొట్టాలు బీటలు వారుతాయి. ఆ బీటల నుండి మురుగు నేలలోకి ఊరుతుంది. చెంతనే మంచినీటి గొట్టం ఉంటుంది. మన ఊళ్ళలో నీరు రోజంతా రాదు. సరఫరా ఆపిన వేళ ఆ గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. దానికీ చిల్లు ఉన్నట్లయితే చుట్టూ నిలిచిన మురుగును లోపలికి పీల్చుకొంటుంది. మరునాడు నీరు వదలగానే అది మన బిందెలోకి చేరుతుంది.

దీనికి అందరికీ తెలిసిన చికిత్స వీధిని త్రవ్వి, పాత గొట్టాన్ని తీసి, క్రొత్తదానిని వేయడం. విశాలమైన వీధులలో అది సాధ్యమే. రెండు సైకిళ్ళు ఒరుసుకొంటూ పోయే సందులలో లోతుగా త్రవ్వితే ఇరుప్రక్కల ఇళ్ళ పునాదులకు ప్రమాదం, రాకపోకలు బంద్, చిల్లర దుకాణాల బేరం పోతుంది, ఒక్కొక్కప్పుడు మురుగు గొట్టం కోసం త్రవ్వే పలుగే మంచినీటి గొట్టాన్ని పగులగొడుతుంది.

త్రవ్వకుండా పని జరిగే మార్గం 1971లో లండన్ నగరంలో దొరికింది. అక్కడి హాక్నీ ప్రాంతంలో ఇటుకలతో కట్టిన, కోడిగ్రుడ్డు ఆకారంలోని ఒక పాత మురుగు కాలువకు ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు సుమారు 70 మీటర్ల పొడవున లోపలి తొడుగు వేశాడు. ఆ పద్ధతికి ‘ఇన్సిటూఫార్మ్’ అని పేరు వచ్చింది. లాటిన్ భాషలో ‘ఇన్ సిటూ’ అంటే ఉన్నచోటనే, ‘ఫార్మా’ అంటే రూపం. ఉన్నచోటనే రూపం దాల్చేది అని అర్థం. 1977లో దీనికి అమెరికాలో పేటెంటు లభించింది.

ఈ తొడుగు మొదట గట్టి గొట్టం కాదు, మెత్తని గుడ్డసంచి. ఆ గుడ్డ మగ్గం మీద నేసినది కాదు. మన ప్రాంతంలో దూదేకే వృత్తిని ఎరుగనివారు లేరు. ఏకిన దూది పొరలు పొరలుగా పేరుకొన్నట్లు, పాలియెస్టర్ పోగులను పరచి, ముళ్ళ సూదులతో పొడిచి ఒకదానితో ఒకటి పెనవేసిన దళసరి దుప్పటి వంటిది. దానిని పాత గొట్టం కొలతకు గొట్టంగా కుడతారు. వెలుపలి వైపు నీరు చొరని ప్లాస్టిక్ పూత ఉంటుంది. లోపలి గాలిని పంపుతో తీసివేసి, రెజిన్ అనే జిగురు ద్రవాన్ని ఆ గుడ్డ పీల్చుకొనేలా చేస్తారు.

ఇక అసలు కిటుకు. బక్రీదు నాడు ఖుర్బానీ మేక పేగులను కడిగే తీరును మనలో చాలామంది ఇంటి పెరట్లో చూచినవారే. పేగు కొసను చొక్కా చేతి మడతలాగా వెనుకకు మడిచి, ఆ మడతలో నీరు పోస్తారు. ఆ నీటి బరువుకే మిగిలిన పేగంతా తనంతట తాను తిరగబడుతూ పోతుంది. లోపలిది బయటికి వస్తుంది. ఇక్కడ జరిగేదీ అదే. మ్యాన్‌హోల్ మీద ఎత్తుగా మంచె కట్టి, సంచి కొసను మడిచి గొట్టం మూతికి బిగించి, పైనుండి నీరు నింపుతారు. ఒక మీటరు ఎత్తు నీరు ప్రతి చదరపు సెంటీమీటరు మీద 100 గ్రాముల ఒత్తిడి కలిగిస్తుంది. 5 మీటర్ల ఎత్తు నీరు 30 సెంటీమీటర్ల వ్యాసంగల గొట్టంలో సుమారు 350 కిలోల బలంతో సంచిని ముందుకు నెడుతుంది. నీటికి బదులు గాలి ఒత్తిడినీ వాడవచ్చు.

ఇలా తిరగవేయడంలో రెండు లాభాలున్నవి. మొదటిది, రెజిన్ ఉన్న లోపలి వైపు వెలుపలికి వచ్చి పాత గొట్టం గోడకు అంటుకొంటుంది. నున్నని ప్లాస్టిక్ పూత లోపలికి వచ్చి నీరు జారే దారి అవుతుంది. రెండవది, సంచి గోడను రాచుకొంటూ జరగదు, చాప పరచుకొన్నట్లు విచ్చుకొంటూ పోతుంది. కనుక చిరగదు, వంపులలోనూ సాగిపోగలదు.

సంచి ఆవలి మ్యాన్‌హోల్ చేరిన తరువాత లోపలి నీటిని సుమారు 80 డిగ్రీలకు వేడిచేసి కొన్ని గంటలు త్రిప్పుతారు. రెజిన్ గట్టిపడి, పాత గొట్టమే అచ్చుగా క్రొత్త గొట్టం పోతపోసినట్లు తయారవుతుంది. తొడుగు మందం 6 మిల్లీమీటర్లు అనుకొంటే 300 మిల్లీమీటర్ల గొట్టం 288కి తగ్గుతుంది. అయినా అతుకులు లేని నునుపు వల్ల ప్రవాహం కుంటుపడదు. మూసుకుపోయిన ఇళ్ళ కనెక్షన్లను లోపలికి పంపిన చిన్న కోతయంత్రం కెమెరా చూపు సాయంతో మరల తెరుస్తుంది. ఇట్టి తొడుగులను సాధారణంగా 50 ఏళ్ళ మన్నికకు రూపొందిస్తారు.

ఇది సర్వరోగ నివారిణి అని మాత్రం భ్రమపడరాదు. పూర్తిగా కూలిన గొట్టానికి తొడుగు పనికిరాదు. వాలు తప్పిన గొట్టం తొడుగు వేసినా వాలు తప్పినదే. మురుగు గొట్టాలకు వాడే రెజిన్ మంచినీటికి తగదు. దానికి తాగునీటి కోసం పరీక్షించి ఆమోదించిన వేరు రెజిన్ కావాలి. గట్టిపడే వేళ వెలువడే స్టైరీన్ మొదలైన ఆవిరులను గూర్చి 2017లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు హెచ్చరించారు; పనివారికి, ఇరుగుపొరుగు ఇళ్ళకు రక్షణ అవసరం. పల్నాటి రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు మరొక చిక్కు: రెజిన్ నింపిన సంచిని చల్లగా ఉంచకపోతే బండిలోనే గట్టిపడుతుంది. ఇక మురుగు సైడు కాలువలలోనే పారే పేటలకు ఈ పద్ధతితో నిమిత్తమే లేదు. తొడుగు వేయడానికి ముందు గొట్టం ఉండాలి కదా!

అయినా దీని అవసరం మన దేశానికి ఉన్నది. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాలతో రూపుదిద్దుకొన్న హైదరాబాదు మురుగునీటి వ్యవస్థ 1931 నాటిది. ఢిల్లీలో యమునా శుద్ధి పథకం క్రింద పాత పెద్ద మురుగు గొట్టాలకు ఇట్టి తొడుగులే వేశారు. మరొక సంగతి మరువరాదు. మురుగు గొట్టాలలోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక మరణించినవారి వార్తలు ఆగలేదు. మనిషి దిగవలసిన చోటికి కెమెరాను పంపగలగడం ఒక ప్రాణాన్ని కాపాడడమే.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచినది సంచి కాదు, రెజిన్ కాదు, మొట్టమొదటి మెట్టు. తొడుగు వేయడానికి ముందు గొట్టాన్ని కడిగి, కెమెరా పంపి, ఎక్కడ బీట ఉన్నదో, ఎక్కడ వేరు చొరబడినదో మూల మూలా చూచి వ్రాసుకోవాలి. చూడనిదే కొలత లేదు, కొలత లేనిదే తొడుగు లేదు. 2018లో పోయిన ప్రాణాలు తిరిగి రావు. కాని మీలో రేపు ఇంజనీర్లు, పురపాలక ఉద్యోగులు, వార్డు సభ్యులు అయ్యేవారున్నారు. మన వీధి క్రింద మంచినీటి గొట్టం ఎక్కడున్నది, మురుగు గొట్టం ఎక్కడున్నది, ఆ రెంటి పటం ఉన్నదా, వాటి లోపల చివరిసారి ఎవరు ఎప్పుడు చూచారు అనే ప్రశ్నలను అడగడం నేటి నుండే అలవరచుకోండి. ఆ ప్రశ్నలు వ్యాధి వచ్చిన తరువాత కాక, రాకముందే వినిపించాలని నా కోరిక.