‘ఓ.డి. ఆఫ్’ లైటు వెలిగితే గేర్‌బాక్స్ పోయినట్టేనా?

పాత ఆటోమేటిక్ కారు మీటర్ బోర్డు మీద ‘ఓ.డి. ఆఫ్’ అని పసుపు లైటు వెలుగుతుంది. ఎన్నిసార్లు బటన్ నొక్కినా పోదు. కారు నడుస్తది, కానీ హైవే ఎక్కితే ఇంజిన్ మోత ఎక్కువైతది, పెట్రోలు తాగుతది. చూపిస్తే కొందరు మెకానిక్‌లు ముందే ‘గేర్‌బాక్స్ విప్పాలె’ అంటరు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పుడంటే మాటలు కాదు, పాత కారుకు దాని ధరలో మంచి వాటా అక్కడే పోతది. చాలాసార్లు తప్పు గేర్ రాడ్ మీదున్న చిన్న బటన్‌ది, లేకపోతే దాని సన్న వైరుది. సిరిసిల్లలో సాంచా ఆగితే ఎవరూ ముందు మోటారు మార్చరు గదా, పోగు తెగిందా, బెల్టు జారిందా చూస్తరు. ఇక్కడ కూడా అంతే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఈ ముచ్చట ఎవరికంటే, ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌లో పాత కరోలా ఆటోమేటిక్, ఐ10 ఆటోమేటిక్ లాంటివి కొన్నవాళ్లకు. అంతకంటే ఎక్కువగా గల్ఫ్‌లో డ్రైవర్ పని చేసే మనోళ్లకు. అక్కడ పాత క్యామ్రీలు, కరోలాలు ఇంకా తిరుగుతనే ఉన్నయి. అంబాసిడర్, మామూలు మారుతి 800 ఉన్నవాళ్లకు ఈ బటనే ఉండదు, ఈ బాధా లేదు.

ఓవర్‌డ్రైవ్ అంటే ఏమిటి? నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో నాలుగో గేరే ఓవర్‌డ్రైవ్. చాలా కార్లలో మూడో గేర్లో ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే గేర్‌బాక్స్ అవతలి షాఫ్టు కూడా ఒక చుట్టే తిరుగుతుంది. నాలుగో గేర్లో అదే ఒక చుట్టుకు ఇంజిన్ సుమారు 0.7 చుట్టు తిరిగితే చాలు. మూడో గేర్లో 3,000 ఆర్‌పీఎం దగ్గర పోయే వేగానికి నాలుగో గేర్లో 2,100 సరిపోతుంది. జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా నిజామాబాద్ పోయే 63వ నంబర్ జాతీయ రహదారి మీద ఆ తేడా చెవికి తెలుస్తది, పెట్రోలు బంకులో జేబుకూ తెలుస్తది.

మరి దాన్ని బంద్ చేసే బటన్ ఎందుకు పెట్టినట్టు? దిగుడు కోసం. పల్లంలో నాలుగో గేర్లో ఇంజిన్ కారును పట్టుకోదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు కాగిపోతే పట్టు తప్పుతయి. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిండ్రు. ఆ బస్సుకు, ఈ బటన్‌కు సంబంధం లేదు. కానీ దిగుడు రోడ్డు అంటే ఏమిటో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పే పని లేదు. సౌదీలో ఉన్నవాళ్లు తాయిఫ్ రోడ్డు యాది చేసుకోండి. తాయిఫ్ 1,800 మీటర్లకు పైన, మక్కా 300 మీటర్ల దగ్గర. అల్ హదా ఘాట్ మలుపుల్లో పిల్లలను, ముసలోళ్లను కూర్చోబెట్టుకొని దిగేటప్పుడు ఆ బటన్ పని చేయాలి.

అందుకే చేయి పెట్టే ముందు లైటును చూడాలి. అది నిలకడగా వెలుగుతున్నదా, మినుకుమినుకుమంటున్నదా? మినుకుమంటే అది బటన్ గొడవ కాదు. గేర్‌బాక్స్ కంప్యూటర్ ‘నాలో ఏదో లోపం ఉంది’ అని చెప్పుకుంటున్నట్టు. 1990ల మొదట్లోని చాలా టయోటాల్లో బానెట్ కింద చెక్ కనెక్టర్ ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ ఆన్‌లో ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, అందులో టీఈ1, ఈ1 అనే రెండు రంధ్రాలను చిన్న వైరుతో కలిపితే ఆ లైటే లెక్కపెట్టినట్టు వెలుగుతది. ఆరు మినుకులు, కొంచెం ఆగి రెండు మినుకులు అంటే 62, మొదటి సొలినాయిడ్ సర్క్యూట్. 61 లేదా 42 వస్తే స్పీడ్ సెన్సర్. ఇవి తెలిసిన మెకానిక్ చేయాల్సిన పనులు, స్విచ్ మారిస్తే పోవు. కొందరు ఆ లైటు మీద నల్ల టేపు అతికించి కారు అమ్ముతరు. కొనేటప్పుడు తాళం తిప్పి, లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరుతున్నయా చూసుకోండి.

ఇంకోటి. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు కంప్యూటర్ నాలుగో గేరు ఇవ్వదు. మన దగ్గర ‘ఎండలకు ఇదెందుకు’ అని థర్మోస్టాట్ తీసి పారేసే అలవాటుంది. అది లేని ఇంజిన్ చలికాలం పొద్దున చాలాసేపు వేడెక్కదు. అప్పుడు లైటు వెలగకుండానే ఓవర్‌డ్రైవ్ రాదు. దానికి మందు థర్మోస్టాటే.

లైటు నిలకడగా ఉంటే అప్పుడు బటన్ సంగతి. చాలా టయోటాల్లో లెక్క మనం అనుకునేదానికి ఉల్టా ఉంటుంది. బటన్ లోపలికి నొక్కి ఉంటే ఓవర్‌డ్రైవ్ ఆన్, కానీ లోపలి కాంటాక్టులు విడిపోయి ఉంటయి. బటన్ బయటికి వస్తే కాంటాక్టులు కలిసి సిగ్నల్ వైరు ఎర్త్ అవుతుంది, లైటు వెలుగుతుంది, నాలుగో గేరు బంద్. దీన్నిబట్టి రెండు రకాల రోగం. రాడ్ మీద చాయ్ ఒలికి, చక్కెర పాకం గట్టిపడి కాంటాక్టులు అతుక్కుంటే లైటు ఆరదు. రాడ్ ముందుకు వెనక్కు కదిలి కదిలి అడుగున వైరు తెగితే లైటు ఎన్నడూ వెలగదు. ఈ రెండోది మోసకారి. కారు బాగానే నడుస్తది, ఘాట్ దిగేటప్పుడే తెలుస్తది.

మరమ్మత్తు ఇట్ల. కారు చదును నేల మీద పెట్టి, ‘పి’లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్యాటరీ నెగటివ్ తీయండి. రాడ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొలగిస్తే బటన్ నుంచి వచ్చే కనెక్టర్ కనపడతది. దాన్ని విప్పి, బ్యాటరీ మళ్లీ తగిలించి తాళం తిప్పండి. లైటు ఆరితే తప్పు బటన్‌దే. ఆరకపోతే వైరు ముందెక్కడో బాడీకి తగులుతున్నట్టు. తరువాత మల్టీమీటర్‌తో బటన్ రెండు వైర్ల మధ్య చూడండి, నొక్కినప్పుడల్లా మారాలి. అతుక్కుంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ స్ప్రే కొట్టి పదిసార్లు నొక్కితే కొన్ని తేరుకుంటయి. వైరు తెగితే సోల్డర్ చేసి, పైన స్లీవ్ తొడిగి, రాడ్ కదలడానికి కొంచెం వదులు ఉంచాలి. ఊరికే మెలివేసి టేపు చుడితే కొన్నాళ్లకు మళ్లీ అదే కథ.

బటన్ పూర్తిగా పాడైతే జుగాడ్ ఇది: ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే చిన్న టోగుల్ స్విచ్ తెచ్చి, ఆ రెండు వైర్లనే పొడిగించి డ్యాష్‌బోర్డు కింద చేతికందే చోట బిగించండి. పెద్ద స్విచ్ అక్కర్లేదు, అందులో పోయే కరెంటు కొంచెమే. కానీ బ్యాటరీ నుంచి వేరే ప్లస్ వైరు మాత్రం దానికి ఇవ్వొద్దు. అది ఎర్త్ చేసే స్విచ్, ప్లస్ ఇస్తే ఫ్యూజ్ కాలుతది, కంప్యూటర్ కూడా పోవచ్చు. అదే కట్టలో ‘పి’ లాక్ వైర్లు, చిన్న బల్బు వైర్లు ఉంటే వాటిని ముట్టుకోవద్దు. అన్ని కంపెనీలవి ఒకటే తీరు కాదు. కొన్నిట్లో బటన్ నొక్కి వదిలితే వెనక్కు వస్తది, నొక్కినప్పుడల్లా కంప్యూటర్ మార్చుకుంటది. వాటికి టోగుల్ పనికిరాదు, బైకు హారన్ బటన్ లాంటి స్ప్రింగ్ బటన్ కావాలె.

అయినాక ఖాళీ రోడ్డు మీద 70 దాకా పోయి చూడండి. ఆఫ్ చేస్తే లైటు వెలిగి ఇంజిన్ మోత పెరగాలి, ఆన్ చేస్తే తగ్గాలి. రిపేరు కాకముందే ఘాట్ దిగాల్సి వస్తే, పైనే వేగం బాగా తగ్గించి రాడ్‌ను ‘2’లోకి లాగండి, బటన్ లేకున్నా ఇంజిన్ కారును పట్టుకుంటది.

కఫీల్ కారు, కంపెనీ కారు నడిపే తమ్ముళ్లు మాత్రం ఈ జుగాడ్ తమంతట తాము చేయొద్దు. తరువాత వేరే ఏది చెడినా ‘వైరు కోసింది నువ్వే’ అని జీతంలో కోత పెడితే జవాబు ఉండదు. లైటు వీడియో తీసి, తేదీతో వాట్సాప్‌లో యజమానికి పంపండి, చేయమని ఆయన రాసి పంపినాకే స్క్రూడ్రైవర్ పట్టండి.