తేలిక తుపాకీ, బరువు శిక్ష

పాడేరు, చింతపల్లి కొండలు 2022 వరకు విశాఖ జిల్లాలోనివే. అక్కడ చైత్రంలో ఇటుకల పండుగకు మగవారు వేటకు కదలడం ఆచారం. కొండెక్కేవానికి తుపాకీ తేలికగా ఉండాలి. గొట్టం మూతివైపు పలుచనైనా ఫరవాలేదు గాని, మందు పేలేచోట ఇనుము దళసరిగా ఉండాలి. అక్కడ కక్కుర్తిపడితే గొట్టం చీలి, పేల్చినవాని చేతికే ఎసరు.

పూర్వపు చెకుముకి తుపాకీలో రాయి ఉక్కును గీరగా రాలిన నిప్పురవ్వ ముందు పళ్లెంలోని మందును, పిమ్మట చిన్న బెజ్జం గుండా గొట్టంలోని మందును అంటుకోవాలి. ఈలోగా అడవికోడి ఎగిరిపోవడమూ కద్దు. మందు తడిసిందా, అంతే సంగతులు!

1972 వన్యప్రాణి చట్టం వేటను కట్టడి చేసింది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, లైసెన్సు లేకుండా నాటు తుపాకీ ఉంచుకున్నవానికి కనీసం 2 ఏళ్ల జైలు. దానిని చేసిన కమ్మరికి 7 ఏళ్లు.