మోటారు పడవలలో రక్షణ పరికరాలు

నదులు, సరస్సులు, సముద్రతీర జలాలలో విహారానికి నడిపే మోటారు పడవలలో ప్రాణరక్షణ కొరకు తీసుకువెళ్ళవలసిన సాధనాలను రక్షణ పరికరాలు అంటారు. వీటిలో ముఖ్యమైనవి లైఫ్ జాకెట్, అగ్నిమాపక సాధనం, యంత్రాన్ని ఆపే స్విచ్, సంకేత సాధనాలు. పడవ క్షణాలలో బోల్తాపడవచ్చు. అప్పుడు వెదకి ధరించే వ్యవధి ఉండదు. కావున ఇవి ముందే ఒంటిమీద గానీ చేతికి అందేచోట గానీ ఉండాలి.

లైఫ్ జాకెట్

మానవ శరీర సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతకు సమానం. అందువలన పెద్దవారి తల నీటిపైన నిలవడానికి సుమారు 3 నుండి 5.5 కిలోల అదనపు ఉత్ప్లవన బలం చాలు. లైఫ్ జాకెట్ ఈ బలాన్ని ఇస్తుంది. జాకెట్ కొలత శరీరానికి సరిపోవాలి, పట్టీలన్నీ బిగించాలి. వదులుగా ఉన్న జాకెట్ నీటిలో పైకి జారిపోతుంది. పిల్లలకు వారి బరువుకు తగిన జాకెట్ వేరుగా ఉండాలి.

చరిత్ర

బ్రిటన్‌లోని రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్‌కు చెందిన కెప్టెన్ వార్డ్ 1854లో కార్క్ బెరడుతో జాకెట్‌ను రూపొందించాడు. 1861లో ఇంగ్లాండులోని విట్‌బీ తీరాన ఒక రక్షక పడవ బోల్తాపడి 13 మంది సిబ్బందిలో 12 మంది మరణించారు. ఈ జాకెట్ ధరించిన హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే బ్రతికాడు. తరువాతి కాలంలో కార్క్ బదులు తెల్లబూరుగ దూదిని వాడారు. దాని పోగులు బోలుగా ఉండి నీటిని పీల్చుకోవు. ప్రస్తుతం ఎక్కువగా ఫోమ్ వాడుతున్నారు.

కచ్చులూరు ప్రమాదం

2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్తున్న పర్యాటకుల పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయి సుమారు 50 మంది మరణించారు. ప్రాణాలతో బయటపడిన 26 మందిలో పలువురు లైఫ్ జాకెట్ ధరించినవారే. అది పెద్ద పడవ అయినప్పటికీ ఈ పాఠం చిన్న పడవలకు కూడా వర్తిస్తుంది.

ఇతర పరికరాలు

* లైఫ్ బాయ్: నీటిలో పడినవారికి విసిరే వలయం. దీనికి తాడు కట్టి ఉంచాలి.
* అగ్నిమాపక సాధనం: పెట్రోలు నీటిపై తేలుతుంది కావున పెట్రోలు మంటపై నీరు పోయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది పడవ అడుగున చేరుతుంది. యంత్రం లోపల అమర్చిన పడవలలో స్టార్టు చేయడానికి ముందు కనీసం 4 నిమిషాలు గాలిపంకా నడపాలి.
* యంత్రాన్ని ఆపే స్విచ్: దీని తాడును సరంగు తన ఒంటికి తగిలించుకోవాలి. అతడు నీటిలో పడితే తాడు ఊడి యంత్రం ఆగిపోతుంది. లేనిచో పడవ తిరిగి వచ్చి అతడినే ఢీకొనవచ్చు.
* సంకేత సాధనాలు: ఈల, టార్చిలైటు, ఫ్లేర్లు. కొండల నడుమ మొబైల్ ఫోను పనిచేయకపోవచ్చు. సముద్రంలో వి.హెచ్.ఎఫ్. రేడియో 16వ ఛానల్‌పై సహాయం కోరాలి.
* లంగరు, తెడ్లు, నీరు తోడే బకెట్, ప్రథమ చికిత్స పెట్టె.

నిబంధనలు

అమెరికాలో విహార పడవలో ఉన్న ప్రతి వ్యక్తికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలి. 16 అడుగులు, అంతకు మించిన పడవలలో విసిరే సాధనం కూడా తప్పనిసరి. 26 అడుగుల లోపు పడవలలో ఆపే స్విచ్ అమర్చి ఉంటే, వేగంగా నడిపేటప్పుడు సరంగు దాని తాడును తగిలించుకోవాలనే నియమం 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. భారతదేశంలో 1917 నాటి చట్టం స్థానంలో 2021లో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం చేశారు.

ప్రయాణానికి ముందు

బయలుదేరే ముందు సరంగు అందరిచేత జాకెట్లు ధరింపజేసి, మిగిలిన పరికరాలు ఎక్కడ ఉన్నాయో చూపాలి. ఉక్కపోతగా ఉన్నదని గానీ, భోజన సమయమని గానీ ప్రయాణం మధ్యలో జాకెట్ విప్పరాదు. చిరిగిన జాకెట్లను, గడువు దాటిన ఫ్లేర్లను మార్చాలి.